అమెరికా రాష్ట్రాల అణు విద్యుత్ బిల్లును చదవడం ఎలా

ఇల్లినాయ్ శాసనసభలో 2023లో ప్రవేశపెట్టిన ఎస్‌బీ 76 (ఎస్‌బీ అంటే సెనేట్ బిల్లు) అనే బిల్లును దాని తొలి రూపంలో చదివితే, కొత్తగా రాసిన మాటలు దాదాపు కనిపించవు. 1987 నుంచి ఆ రాష్ట్ర చట్టంలో ఉన్న ఒక పేరా మీద మాత్రం అడ్డంగా గీత కొట్టి ఉంటుంది. అధిక స్థాయి అణు వ్యర్థాలను వదిలించుకునే నిరూపిత పద్ధతిని ఫెడరల్ ప్రభుత్వం గుర్తించి ఆమోదించేదాకా, లేదా రాష్ట్ర శాసనసభే ప్రత్యేకంగా చట్టం చేసి అనుమతించేదాకా, రాష్ట్రంలో కొత్త అణు విద్యుత్ కేంద్రం నిర్మాణం మొదలుపెట్టరాదన్నది ఆ పేరా సారాంశం. తర్వాత జరిగిన సవరణల్లో బిల్లులోకి ‘అధునాతన రియాక్టర్’ అనే మాట, దానికొక నిర్వచనం వచ్చి చేరాయి. ఉభయ సభలూ ఆమోదించాయి. అయినా గవర్నర్ ప్రిట్జ్‌కర్ ఆగస్టులో ఆ బిల్లును తిప్పి పంపారు. నిర్వచనం మరీ వదులుగా ఉందనీ, చిన్న రియాక్టర్ల పేరు చెప్పి భారీ రియాక్టర్లకు తలుపులు తెరుస్తుందనీ ఆయన అభ్యంతరం. డిసెంబరులో ఆయనే హెచ్‌బీ 2473 (హెచ్‌బీ అంటే ప్రతినిధుల సభ బిల్లు) మీద సంతకం చేశారు. అందులో 300 మెగావాట్లకు మించని చిన్న మాడ్యులర్ రియాక్టర్లకే అనుమతి దొరికింది. ఏడాది పొడవునా సాగిన వాదమంతా చివరికి ఒక నిర్వచనం దగ్గర, ఒక అంకె దగ్గర తేలింది.

టెక్సస్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, మిషిగన్, జార్జియా వంటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి ఇలాంటి బిల్లుల సంగతి వార్తల శీర్షికల ద్వారానే తెలుస్తుంది. శీర్షికలో ‘అణు విద్యుత్తుకు పచ్చజెండా’ అని ఉంటుంది గానీ, జెండా ఊపింది ఎవరు, దారి ఖర్చు ఎవరిది అన్నది ఉండదు. రాష్ట్ర బిల్లులో అణుభౌతిక శాస్త్రం వెతికితే దొరకదు, ఎందుకంటే అందులో ఉండేది అనుమతి, డబ్బు, ఆ రెండింటికీ పెట్టిన గడువులు. కాబట్టి ఇంటి కరెంటు బిల్లు పక్కన పెట్టుకుని చదవగలిగే ఎవరికైనా ఇది అందే విషయమే.

ముందుగా, రాష్ట్రం చేతిలో ఏముంది

భారతదేశంలో అణుశక్తి కేంద్ర జాబితాలోని అంశం, ఆ జాబితాలో ఆరవ పద్దు. అందువల్ల మన అసెంబ్లీలు దాని మీద చట్టం చేయలేవు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా చెప్పిన మాట కూడా కేంద్రాన్ని కోరుతూ చేసిన తీర్మానమే తప్ప చట్టం కాదు. ఈ అలవాటుతో అమెరికా బిల్లులను చూస్తే పొరబడతాము.

అమెరికాలో ఈ అధికారం రెండు చేతుల్లో ఉంది. రియాక్టర్ నమూనా, రేడియేషన్ భద్రత, నిర్వహణ లైసెన్సు పూర్తిగా ఫెడరల్ అణు నియంత్రణ కమిషన్ పరిధిలోనివి. కొత్త కేంద్రం అవసరమా, దాని విద్యుత్తు గిట్టుబాటవుతుందా, ఆ ఖర్చును వినియోగదారుల ఛార్జీల్లో కలపవచ్చా, స్థలం ఎక్కడ అన్నవి రాష్ట్రం తేల్చుకుంటుంది. ఈ గీతను స్పష్టంగా గీసింది 1983లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. వ్యర్థాల సమస్య తీరేదాకా కొత్త అణు కేంద్రాలు వద్దని 1976లో కాలిఫోర్నియా చేసిన చట్టాన్ని పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ సంస్థ సవాలు చేయగా, ఆ నిషేధానికి మూలం ఆర్థిక కారణమే గనుక అది చెల్లుతుందని కోర్టు చెప్పింది. అదే నిషేధాన్ని రేడియేషన్ భయంతో విధించి ఉంటే ఫెడరల్ అధికారంలో చొరబడినట్టు అయ్యేది. వ్యర్థాలను ఎక్కడ పెట్టాలో తేలకపోతే కేంద్రం మధ్యలో ఆగిపోవచ్చు, పెట్టిన ఖర్చు పెరగవచ్చు అన్నది కాలిఫోర్నియా వాదన.

ఇది తెలిశాక బిల్లు ప్రవేశికను చదివే తీరు మారుతుంది. ‘ప్రజల భద్రత దృష్ట్యా’ అని మొదలయ్యే నిషేధం కోర్టులో నిలవడం కష్టం. ‘వినియోగదారులపై భారం దృష్ట్యా’ అని మొదలైతే, రాసినవారికి చట్టం తెలుసన్నమాట. నిషేధం ఎత్తివేసే బిల్లుకైతే ఈ పేచీ లేదు. 2016లో విస్కాన్సిన్, 2017లో కెంటకీ, 2021లో మోంటానా, 2022లో వెస్ట్ వర్జీనియా తమ పాత ఆంక్షలను తీసేశాయి. తీసేసినంత మాత్రాన ఎక్కడా వెంటనే పునాదిరాయి పడలేదు. నిషేధం ఎత్తివేత అంటే తాళం తీయడమే, ఇల్లు కట్టడం వేరే పని.

బిల్లు ఏ పనికి పుట్టిందో గుర్తించడం

నడుస్తున్న కేంద్రం మూతపడకుండా ఆపే బిల్లు, మూతపడినదాన్ని తిరిగి తెరిపించే బిల్లు, కొత్తది కట్టించే బిల్లు పైకి ఒకేలా కనిపించినా, వాటిలో వెతకవలసినవి వేరు.

మూతపడకుండా ఆపే బిల్లుకు మంచి ఉదాహరణ కాలిఫోర్నియా 2022లో చేసిన ఎస్‌బీ 846. డయాబ్లో కాన్యన్‌లోని రెండు రియాక్టర్లు 2024, 2025లలో ఆగిపోవలసి ఉండగా, ఈ చట్టం వాటికి 2029, 2030 వరకు దారి చూపి, నిర్వహణ సంస్థకు 140 కోట్ల డాలర్ల వరకు రుణం ఇచ్చింది. ఇక్కడ ‘రుణం’ అన్న మాట దగ్గర ఆగాలి. అది ఎవరు తీరుస్తారు, తీర్చలేకపోతే మాఫీ అవుతుందా, ఫెడరల్ సహాయం వస్తే ముందుగా దేనికి జమ చేస్తారు అన్నవి మరో సెక్షన్‌లో, ఒక్కోసారి పది పేజీల అవతల ఉంటాయి.

తిరిగి తెరిపించడంలో మిషిగన్‌లోని పాలిసేడ్స్‌ను చూడాలి. సుమారు 800 మెగావాట్ల ఆ కేంద్రం 2022 మేలో ఆగిపోయింది. దాన్ని విప్పి తొలగించడానికి కొన్న హోల్టెక్ సంస్థే తిరిగి నడుపుతానని ముందుకు వచ్చింది. రాష్ట్ర శాసనసభ ప్రత్యేక చట్టమేదీ చేయకుండా 2023 బడ్జెట్‌లో 15 కోట్లు, మరుసటి ఏడాది మరో 15 కోట్ల డాలర్లు కేటాయించింది. ఫెడరల్ ఇంధన శాఖ 152 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. విప్పదీత దశ నుంచి కేంద్రాన్ని తిరిగి నిర్వహణ దశకు మార్చే అనుమతి 2025 ఆగస్టులో గానీ అమల్లోకి రాలేదు. అంటే మీ రాష్ట్రంలో ఇలాంటి ప్రయత్నం మొదలైతే ‘న్యూక్లియర్’ అన్న పదంతో బిల్లుల జాబితాలో వెతికినా ఏమీ దొరకకపోవచ్చు. బడ్జెట్ బిల్లులో, ఆర్థికాభివృద్ధి పద్దు కింద, ఒకే ఒక్క వాక్యంగా అది ఉండవచ్చు.

అసలు బిల్లే లేకపోవచ్చు కూడా. పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలాండ్ ఒకటవ యూనిట్‌ను ఆదుకునే బిల్లు 2019లో ముందుకు సాగలేదు, ఆ సెప్టెంబరులో యూనిట్ మూతపడింది. 1979లో రియాక్టర్ కోర్ పాక్షికంగా కరిగిన ప్రమాదం జరిగింది దాని పక్కనున్న రెండవ యూనిట్‌లో. 2024లో మైక్రోసాఫ్ట్ తన డేటా సెంటర్ల కోసం ఇరవై ఏళ్ల పాటు విద్యుత్తు కొంటానని ఒప్పందం చేసుకోవడంతో ఒకటవ యూనిట్‌కు మళ్లీ ప్రాణం వచ్చింది. శాసనసభ చేయనిది డేటా సెంటర్ చేసింది. అందువల్ల ‘ఈ చట్టం రాకపోతే కేంద్రం తెరుచుకోదు’ అని ఎవరైనా వాదిస్తే, కొనుగోలుదారు ఎవరో ముందుగా అడగడం మంచిది.

పాఠం చేతికి వచ్చాక

వార్తను కాక బిల్లు పాఠాన్ని రాష్ట్ర శాసనసభ వెబ్‌సైటు నుంచి దించుకోండి. చాలా రాష్ట్రాల్లో కొత్తగా చేర్చిన మాటల కింద గీత, తొలగించిన మాటల మీద అడ్డగీత ఉంటాయి. మొదటి చదువులో కేవలం గీతలున్న చోట్లే చూడండి. వంద పేజీల బిల్లు పది పేజీలకు దిగుతుంది, ఎందుకంటే మిగిలినదంతా సందర్భం కోసం తిరిగి అచ్చువేసిన పాత చట్టం. ఏ రూపం చదువుతున్నారో కూడా సరిచూసుకోవాలి. ఇల్లినాయ్‌లో ఒక సవరణ అసలు బిల్లు పాఠాన్ని పూర్తిగా తీసేసి దాని స్థానంలో వేరే పాఠాన్ని పెట్టగలదు. నంబరు అదే ఉంటుంది, లోపలి సరుకు మారిపోతుంది. నేను మొదట్లో ఒకసారి వారం రోజులు శ్రద్ధగా చదివి గుర్తులు పెట్టుకున్నది అప్పటికే చెల్లని పాఠమని ఆలస్యంగా తెలుసుకున్నాను. తాజా సవరణ తేదీ చూసుకుని ఉంటే ఆ శ్రమ తప్పేది.

తర్వాత నిర్వచనాల సెక్షన్. విసుగు పుట్టించే ఆ భాగంలోనే తరచుగా అసలు విషయం ఉంటుంది. కొలరాడో 2025లో చేసిన హెచ్‌బీ 1040లో రియాక్టర్ ఊసే అంతగా లేదు. ‘స్వచ్ఛ ఇంధనం’ అన్న నిర్వచనంలో అణుశక్తిని చేర్చడమే దాని పని. అయితే ఆ ఒక్క చేరికతో స్వచ్ఛ ఇంధన లక్ష్యాల లెక్కలోకి, వాటికి ఇచ్చే ఆర్థిక సహాయం పరిధిలోకి అణు కేంద్రం వచ్చేస్తుంది. ఇల్లినాయ్‌లో 300 మెగావాట్ల అంకె ఎంత పని చేసిందో పైన చూశాము. ఆ పరిమితి కూడా ఎక్కువ కాలం నిలవలేదు, భారీ రియాక్టర్ల మీద మిగిలిన నిషేధాన్ని తొలగించే సమగ్ర విద్యుత్ చట్టాన్ని 2025 అక్టోబరులో శాసనసభ ఆమోదించగా, 2026 జనవరిలో గవర్నర్ సంతకం చేశారు.

క్రియాపదాలను కూడా పట్టి చూడాలి. ‘కమిషన్ అనుమతించాలి’ అని ఉన్నదా, ‘అనుమతించవచ్చు’ అని ఉన్నదా? మొదటిదైతే విద్యుత్ నియంత్రణ కమిషన్ చేతులు కట్టేసినట్టు. రెండవదైతే వాదించడానికి మరో వేదిక మిగిలినట్టు.

ఎవరు కడతారు, ఎప్పటి నుంచి, ఆగిపోతే ఏమవుతుంది

ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

దక్షిణ కరోలినా 2007లో ఒక చట్టం చేసింది. కేంద్రం పూర్తి కాకముందే, నిర్మాణం జరుగుతుండగానే, పెట్టుబడి మీద అయ్యే ఖర్చును వినియోగదారుల ఛార్జీల్లో వసూలు చేసుకోవచ్చని అది అనుమతించింది. అంతకన్నా పెద్ద మెలిక మరొకటి ఉంది. ప్రాజెక్టును మధ్యలో వదిలేసినా, చేసిన ఖర్చు సహేతుకమైతే రాబట్టుకోవచ్చు. వి.సి. సమ్మర్ అణు కేంద్రం దగ్గర రెండు రియాక్టర్లు కట్టబోయిన సంస్థలు సుమారు 900 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి, 2017 జులై 31న పని ఆపేశాయి. అప్పటికి ఒక సంస్థ వినియోగదారుల ఛార్జీలు ఈ ఒక్క ప్రాజెక్టు కోసమే తొమ్మిదిసార్లు పెరిగాయి, నెల బిల్లులో దాదాపు 18 శాతం ఆ ఖాతాకే పోతూ వచ్చింది. ఒక్క యూనిట్ విద్యుత్తు రాలేదు. చట్టం చేసిననాడు చదివి ఉంటే, ఆగిపోయిన ప్రాజెక్టు ఖర్చు గురించిన ఆ వాక్యం అప్పుడే కనిపించేది. అందుకని మీ రాష్ట్ర బిల్లులో ‘అబాండన్‌మెంట్’ అన్న పదాన్ని వెతకండి. అది లేకపోతే ‘కాస్ట్ రికవరీ’ ఉన్న ప్రతి సెక్షన్‌నూ చదవండి.

పక్కనే జార్జియా 2009లో ఇదే తరహా చట్టం చేసింది. అక్కడి వోగ్టిల్ అణు కేంద్రం మూడవ యూనిట్ 2023 జులైలో, నాలుగవది 2024 ఏప్రిల్‌లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించాయి. అక్కడ విద్యుత్తు వచ్చింది, కానీ 1,400 కోట్ల డాలర్లని మొదలైన అంచనా తడిసి మోపెడై 3,000 కోట్లు దాటింది. వోగ్టిల్‌లో కట్టినవీ, సమ్మర్‌లో వదిలేసినవీ వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 రియాక్టర్లే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్లకు అనుకున్న నమూనా కూడా అదే కాబట్టి, ఆ రెండు కథలూ రణస్థలం మండలంలో కూర్చుని చదివేవారికి కూడా పరాయివి కావు. అక్కడ మాత్రం చూడవలసింది అసెంబ్లీని కాదు, పార్లమెంటును.

ఇప్పుడు వస్తున్న బిల్లుల్లో ఇంకో అడుగు ముందుకు వేసినవి ఉన్నాయి. ఇండియానా 2025లో చేసిన ఎస్‌బీ 424 ప్రకారం చిన్న రియాక్టర్ల విషయంలో నిర్మాణానికి ముందు దశ ఖర్చును కూడా, అంటే లైసెన్సు దరఖాస్తు, డిజైన్ వంటివాటిని, కమిషన్ అనుమతితో రాబట్టుకోవచ్చు. తొలి దశలో ఎవరో ఒకరు ఆ నష్టభయాన్ని మోయకపోతే రియాక్టర్ రాదన్న వాదనలో నిజం లేకపోలేదు. కానీ నష్టం వినియోగదారుడిదీ, లాభం వాటాదారుడిదీ అయినప్పుడు గరిష్ఠ పరిమితి లేని బిల్లును సమర్థించడానికి నాకు మనసొప్పదు.

డబ్బు ఏ దారిన వస్తుందన్నది రాష్ట్ర విద్యుత్ మార్కెట్‌ను బట్టి ఉంటుంది. జార్జియా, ఇండియానాల్లో ఉత్పత్తి నుంచి ఇంటి మీటరు వరకు ఒకే సంస్థ గనుక ఖర్చు ఛార్జీల్లోకి వస్తుంది. టెక్సస్‌లో చాలా ప్రాంతాల్లో ఉత్పత్తిదారులు పోటీ పడి అమ్ముకుంటారు, వారి పెట్టుబడిని ఛార్జీల్లో కలపడానికి దారి లేదు. అందుకే అక్కడ 2025 నాటి హెచ్‌బీ 14 ప్రత్యేక అణుశక్తి కార్యాలయాన్ని ఏర్పరచి, 35 కోట్ల డాలర్ల నిధితో ఖజానా నుంచే సహాయానికి దారి వేసింది. ఇలాంటి చోట ఒక సంగతి విడిగా సరిచూడాలి. నిధిని ఏర్పాటు చేసే చట్టం ఒకటి, అందులో డబ్బు వేసే బడ్జెట్ కేటాయింపు మరొకటి. రెండవది లేకపోతే మొదటిది ఖాళీ కుండ.

బిల్లు ఒక్కో యూనిట్ (కిలోవాట్-గంట) విద్యుత్తుకు ఇంత అని చెబితే లెక్క సులువు. న్యూజెర్సీ తన మూడు రియాక్టర్ల కోసం 2018లో చేసిన చట్టం యూనిట్‌కు 0.4 సెంటు చొప్పున వసూలు చేయమంది. నెలకు 700 యూనిట్లు వాడే ఇంటికి అది 2 డాలర్ల 80 సెంట్లు. రాష్ట్రమంతటా కలిపితే ఏడాదికి సుమారు 30 కోట్ల డాలర్లు. రెండు అంకెలూ నిజమే, సమర్థకులు మొదటిది చెబుతారు, వ్యతిరేకులు రెండవది చెబుతారు.

బిల్లులో పక్కన కూర్చున్నవి

ఒహాయో 2019లో చేసిన హెచ్‌బీ 6ను రెండు అణు కేంద్రాలను కాపాడే చట్టంగా ప్రచారం చేశారు. ఏడాదికి 15 కోట్ల డాలర్లు, గృహ వినియోగదారుడికి నెలకు 85 సెంట్లకు మించదు. చివరిదాకా చదివినవారికి మరికొన్ని కనిపించాయి. రెండు పాత బొగ్గు కేంద్రాలకు సహాయం, వాటిలో ఒకటి ఒహాయోలో కాదు, ఇండియానాలో ఉంది. పునరుత్పాదక విద్యుత్ లక్ష్యాల కోత, విద్యుత్ పొదుపు పథకాల రద్దు కూడా అందులోనే. ఏడాది తిరిగేసరికి స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్ అరెస్టయ్యారు. ఈ బిల్లును గట్టెక్కించడానికి దాదాపు 6 కోట్ల డాలర్ల ముడుపులు చేతులు మారాయన్న కేసులో 2023లో ఆయనకు ఇరవై ఏళ్ల జైలుశిక్ష పడింది. అణు కేంద్రాల సబ్సిడీని శాసనసభ 2021లోనే రద్దు చేసింది. ప్రతి బిల్లు వెనుకా ఇలాంటి కథ ఉండదు. అయినా ప్రవేశపెట్టిన సభ్యుడి ఎన్నికల విరాళాల జాబితా బహిరంగంగా దొరుకుతుంది గనుక, చూడటానికి పది నిమిషాలు చాలు.

మాట చెప్పడం, ఆ తర్వాత కాపు కాయడం

ఇల్లినాయ్‌లో కమిటీ విచారణకు ముందు ఎవరైనా ఆన్‌లైన్‌లో ‘విట్నెస్ స్లిప్’ దాఖలు చేయవచ్చు. సమర్థిస్తున్నారా, వ్యతిరేకిస్తున్నారా అన్నది ఎంచుకుంటే సరిపోతుంది, లిఖిత వాంగ్మూలం కూడా జతచేయవచ్చు. సవరణ వచ్చిందంటే దానికి మళ్లీ వేరే స్లిప్ వేయాలి, అసలు బిల్లు మీద వేసింది దానికి వర్తించదు. టెక్సస్‌లో సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల్లో 140 రోజులే జరుగుతాయి కాబట్టి, అక్కడ తప్పిన బిల్లు మామూలుగా రెండేళ్ల దాకా మళ్లీ రాదు, చెప్పదలచింది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే చెప్పాలి. వాంగ్మూలం రాసేవారు అణుశక్తి మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి దిగకుండా ‘ఫలానా సెక్షన్‌లో గరిష్ఠ పరిమితి లేదు, ఫలానా మాట చేర్చండి’ అని రాస్తే, కమిటీ సిబ్బందికి అది పనికివచ్చే కాగితమవుతుంది.

సంతకం పడ్డాక విషయం విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు, నిబంధనలు రాసే శాఖకు వెళుతుంది. మన దగ్గర చట్టం వచ్చాక జీవో కోసం ఎదురుచూసినట్టే ఇది. కమిషన్ ప్రతి విషయానికీ ఒక కేసు నంబరు ఇస్తుంది. ఆ నంబరు మీద ఈమెయిల్ హెచ్చరిక పెట్టుకుంటే సంస్థ దాఖలు చేసే ప్రతి పత్రమూ తెలుస్తుంది. అక్కడ అభిప్రాయం రాయడానికి ఓటు హక్కుతో పని లేదు, కరెంటు బిల్లు కడుతున్న వినియోగదారు అయితే చాలు. వీసా మీద ఉన్నవారు ‘ఇది మన పని కాదులే’ అనుకుని వదిలేయడం నేను తరచుగా చూస్తుంటాను.

చివరగా కరెంటు బిల్లులో ఆ చట్టం తాలూకు వరుస ఏదో కనిపెట్టాలి. ఇల్లినాయ్ ఉత్తర భాగంలో కామ్‌ఎడ్ అనే విద్యుత్ సంస్థ బిల్లు మీద ‘కార్బన్-ఫ్రీ ఎనర్జీ రిసోర్స్ అడ్జస్ట్‌మెంట్’ అని ఒక వరుస ఉంటుంది. బైరన్, డ్రెస్డెన్, బ్రెయిడ్‌వుడ్ కేంద్రాలను నిలబెట్టడానికి 2021లో చేసిన చట్టం ఫలితం అది. ఆ చట్టం కింద కేంద్రాలతో కుదిరిన ఒప్పందంలోని స్థాయి కన్నా మార్కెట్ ధర తగ్గితే వినియోగదారులు కేంద్రాలకు చెల్లించాలి, పెరిగితే కేంద్రాలే వినియోగదారులకు తిరిగి ఇవ్వాలి. 2022లో విద్యుత్ ధరలు మండిపోయినప్పుడు ఆ వరుసలో అంకె ముందు మైనస్ గుర్తు వచ్చింది, అంటే బిల్లు ఆ మేరకు తగ్గింది. ఒప్పందం 2027 మే దాకా ఉంది. పన్నెండు నెలల బిల్లులు తీసి, ఆ వరుసలోని అంకెను ఆ నెల వాడిన యూనిట్లతో భాగించి, గుర్తు ప్లస్సో మైనస్సో ఒక కాగితం మీద రాసుకుంటూ రండి.